దేశాలు దాటిన సాఫ్ట్‌వేర్ బృందాలు: చెప్పని మాటలే అసలు దూరం

1999 సెప్టెంబరు 23న నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి చాటుకు వెళ్లింది. ఆ తర్వాత దాని నుంచి సంకేతం రాలేదు. 1998 డిసెంబరు 11న బయలుదేరి తొమ్మిది నెలలకు పైగా ప్రయాణించిన ఆ నౌక, అంగారకుడి ఉపరితలానికి సుమారు 226 కిలోమీటర్ల ఎత్తులో సాగాలన్నది ప్రణాళిక. నిజానికి అది 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయిందని తర్వాతి లెక్కల్లో తేలింది. అంత దిగువన వాతావరణాన్ని తట్టుకునే శక్తి దానికి లేదు.

కారణం ఇంజిన్‌లో లేదు, ఒక సాఫ్ట్‌వేర్ ఫైల్‌లో ఉంది. డెన్వర్‌లోని లాక్‌హీడ్ మార్టిన్ బృందం రాసిన భూకేంద్ర సాఫ్ట్‌వేర్, నౌకలోని చిన్న రాకెట్లు ఇచ్చే ప్రచోదనాన్ని పౌండ్-సెకండ్లలో లెక్కగట్టింది. పాసడీనాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో నౌక దారిని లెక్కించే బృందం అవే అంకెలను న్యూటన్-సెకండ్లుగా తీసుకుంది. ఒక పౌండ్-సెకండు దాదాపు 4.45 న్యూటన్-సెకండ్లకు సమానం. నెలల తరబడి ఆ తేడా పేరుకుపోయింది.

ఈ రెండు బృందాలదీ ఒకే దేశం, ఒకే భాష. వాటి గడియారాల మధ్య తేడా ఒక గంటే. అయినా ఒకరు మామూలే అనుకున్నది రెండోవారికి చేరలేదు. మరి హైదరాబాద్, సియాటిల్, బెర్లిన్‌లలో కూర్చుని ఒకే ప్రోగ్రామ్ రాసే బృందాల సంగతేమిటి? దూరం నిజంగా పనిని దెబ్బతీస్తుందా? తీస్తే ఎలా? పరిశోధకులు కొన్ని దశాబ్దాలుగా కొలుస్తున్నది దీన్నే.

ఒకే గదిని ఊహించుకున్న పద్ధతి

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచు విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమై 'ఎజైల్' ప్రకటన రాశారు. ఏడాది పాటు పథకం వేసి, మరో ఏడాది పని చేసి, చివర్లో వాడుకరికి చూపించే పాత పద్ధతికి అది ప్రత్యామ్నాయం. పనిని రెండు మూడు వారాల చిన్న విడతలుగా చేయాలి. ఈ విడతకే స్ప్రింట్ అని పేరు. ప్రతి విడత చివర నడిచే ప్రోగ్రామ్‌ను చూపించాలి, వచ్చిన అభిప్రాయాన్ని బట్టి దారి మార్చుకోవాలి. సమాచారం పంచుకోవడానికి ముఖాముఖి మాటను మించిన మార్గం లేదన్నది ఆ ప్రకటన వెంట వచ్చిన 12 సూత్రాల్లో ఒకటి.

అప్పటికే పరిశ్రమ ఎదురు దిశలో నడుస్తోంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే బెంగళూరులో కేంద్రం తెరిచి, ఉపగ్రహం ద్వారా అమెరికాతో అనుసంధానించింది. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం ప్రారంభించింది. ఒకే గదిని దృష్టిలో పెట్టుకుని పుట్టిన పద్ధతిని ఖండాల మీదుగా పరిచి పని చేయాల్సిన పరిస్థితి వచ్చింది.

రెండున్నర రెట్ల ఆలస్యం

జేమ్స్ హెర్బ్స్‌లెబ్, ఆడ్రిస్ మాకస్ అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. ఒకే రకమైన మార్పును ఒకే చోట ఉన్నవారు చేసినప్పటి కంటే, వేర్వేరు చోట్ల ఉన్నవారు కలిసి చేసినప్పుడు సుమారు రెండున్నర రెట్ల సమయం పట్టిందని వారు గుర్తించారు. దూరం పెరిగితే ఒక మార్పులో చేయి పెట్టాల్సిన మనుషుల సంఖ్య కూడా పెరుగుతుంది, ఆలస్యంలో ఎక్కువ భాగం అక్కడే పుడుతుంది.

ఆఫీసులో పక్కన ఉంటే ఎవరికి ఏం తెలుసో తెలుస్తుంది. టీ దగ్గర వినబడ్డ మాట రేపు పనికొస్తుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన థామస్ అలెన్ 1970లలోనే ఇంజినీర్ల మీద చేసిన పరిశీలనలో, బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ వారి మధ్య సంభాషణ వేగంగా పడిపోతుందని, సుమారు 50 మీటర్లు దాటాక దాదాపు అడుగంటుతుందని తేలింది. అంటే అదే భవనంలో ఇంకో అంతస్తు కూడా ఒక రకంగా పరాయి ఊరే.

దీనికి గడియారం తోడవుతుంది. చలికాలంలో సియాటిల్ మన కంటే 13 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక ఇంజినీరు సోమవారం ఉదయం 10 గంటలకు ఒక ప్రశ్న పంపితే, అక్కడ అప్పుడు ఆదివారం రాత్రి 8:30. అక్కడివారు సోమవారం ఉదయం 9 గంటలకు దాన్ని చూసేసరికి మనకు రాత్రి 10:30. "మీరు అడిగేది ఏ వెర్షన్ గురించి?" అని వారు ఎదురు ప్రశ్న వేస్తే, దానికి జవాబు వెళ్లేది మంగళవారం. అసలు సమాధానం ఇక్కడ చదివేది బుధవారం ఉదయం. పక్క కుర్చీలో ఉంటే ఐదు నిమిషాల్లో తేలేది రెండు రోజులు తింటుంది. పది పనిదినాల స్ప్రింట్‌లో అది ఐదో వంతు. అదే ప్రశ్న శుక్రవారం వేస్తే సమాధానం మంగళవారం వస్తుంది.

పైగా ఈ తేడా స్థిరం కాదు. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారాన్ని ముందుకు జరిపితే, ఐరోపా మార్చి చివరి ఆదివారం జరుపుతుంది. భారత్ అసలు జరపదు. ఏటా కొన్ని వారాల పాటు మూడు చోట్ల బృందాల లెక్క తప్పుతుంది.

మౌనానికి ఎన్ని అర్థాలు?

క్యాథరిన్ క్రామ్టన్ 2001లో ప్రచురించిన అధ్యయనం గడియారానికి అందని దూరాన్ని చూపింది. మూడు ఖండాల్లోని తొమ్మిది విశ్వవిద్యాలయాల విద్యార్థులతో ఏర్పడిన 13 బృందాలు దూరం నుంచే కలిసి ఒక పని చేశాయి. వారి సందేశాలను ఆమె వరసగా చదివారు. ఒకచోట పరిస్థితి రెండోచోటికి తెలియదు. ఒకే ఈమెయిల్ అందరికీ చేరలేదని ఎవరూ గమనించరు. ఇక అన్నిటికంటే చిక్కైనది మౌనం. జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా, ఊళ్లో లేనట్టా, ఉత్తరమే అందనట్టా?

అర్థం కానప్పుడు జనం పరిస్థితిని కాక మనిషిని నిందించారు. 'వాళ్లకు సెలవులేమో' అనుకోవాల్సిన చోట 'వాళ్లకు బాధ్యత లేదు' అనుకున్నారు. జనవరి మధ్యలో హైదరాబాద్ బృందం జవాబివ్వకపోతే సంక్రాంతి అని తెలుగువారికి వెంటనే తడుతుంది. మ్యూనిక్‌లో ఉన్నవారికి ఎందుకు తట్టాలి? నవంబరు నాలుగో గురువారం అమెరికా నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే మనకూ అంతే.

మాటల్లోనూ ఇదే చిక్కు. "చూద్దాంలెండి" అని ఒక తెలుగు ఇంజినీరు అంటే, సాటి తెలుగువారికి అది చాలాసార్లు మర్యాదగా చెప్పిన 'కాదు' అని తెలుసు. అది "వీ విల్ సీ" అని ఇంగ్లిషులోకి మారి జర్మనీ చేరితే, అక్కడివారు పని మొదలైందని అనుకోవచ్చు. డచ్ పరిశోధకుడు హెయిర్ట్ హాఫ్‌స్టెడ్ ఐబీఎం ఉద్యోగుల మీద జరిగిన సర్వేల ఆధారంగా, పైవారితో విభేదించడానికి ఒక సమాజం ఎంత జంకుతుందో సూచించే 'అధికార దూరం' అనే కొలమానం ప్రతిపాదించారు. అందులో భారత్ స్కోరు 77, అమెరికాది 40. ఇవి దేశాల సగటులు మాత్రమే, ఎదురుగా ఉన్న మనిషి గురించి ఏమీ చెప్పవు. అయితే ఎజైల్ పద్ధతి నిలిచేదే 'ఇది ఈ వారం కాదు' అని అందరి ముందూ చెప్పగలిగే ధైర్యం మీద. ఆ మాట చెప్పడం కొందరికి తేలిక, కొందరికి కష్టం అన్న సంగతిని బృంద నాయకులు లెక్కలోకి తీసుకోక తప్పదు.

విస్టా చెప్పిన మరో కథ

ఇంతవరకూ చూస్తే దూరం ఓడిపోయే ఆట అనిపిస్తుంది. 2009లో క్రిస్టియన్ బర్డ్, నాచియప్పన్ నాగప్పన్, మరికొందరు పరిశోధకులు విండోస్ విస్టా మీద చేసిన అధ్యయనం వేరే ఫలితం ఇచ్చింది. కొన్ని వేల మంది ఇంజినీర్లు ఆసియా, ఐరోపా, ఉత్తర అమెరికాల్లో 21 ప్రాంగణాల్లోని 59 భవనాల్లో కూర్చుని దాన్ని తయారుచేశారు. విడుదలయ్యాక ఏ భాగం ఎన్నిసార్లు విఫలమైందో పరిశోధకులు లెక్కించారు. ఒకే భవనంలో తయారైన భాగాలకూ, ఖండాలు దాటి తయారైన వాటికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. మొదటిది వేగాన్ని కొలిచింది, రెండోది నాణ్యతను. రెండోదానిలో సంస్థ దూరాన్ని తగ్గించడానికి ముందుగానే ఖర్చు పెట్టిందన్నది గమనించాలి. హైదరాబాద్ కేంద్రం మొదలైనప్పుడు రెడ్‌మండ్‌లో పనిచేసిన అనుభవజ్ఞులు ఇక్కడికి తరలివచ్చారు. అన్ని చోట్లా అవే పనిముట్లు, అదే కాలపట్టిక వాడారు. అదే విస్టా మీద 2008లో వచ్చిన మరో అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. ఏ భాగంలో లోపాలు వస్తాయో ఊహించడానికి కోడ్ సంక్లిష్టత కంటే, ఆ భాగంలో పనిచేసినవారు సంస్థ నిర్మాణంలో ఎలా చెల్లాచెదురుగా ఉన్నారన్నదే మెరుగైన సూచిక. పక్క గదిలోనే ఉన్నా వేరే అధికారి కింద ఉంటే అదీ దూరమే.

దూరాన్ని తగ్గించే పనులు

మొదటిది, పనిని కోసే పద్ధతి. ఒక సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడతారో, అది తయారుచేసే వ్యవస్థ కూడా అదే ఆకారంలో ఉంటుందని మెల్విన్ కాన్వే 1968లోనే రాశారు. ఒక దేశంలో కోడ్ రాసి, ఇంకో దేశంలో పరీక్షిస్తే ప్రతి అడుగూ సముద్రం దాటాలి. అలా కాకుండా ఒక భాగాన్ని రూపకల్పన నుంచి పరీక్ష దాకా ఒకే చోటికి అప్పగిస్తే, సరిహద్దు దగ్గర మాత్రమే మాట్లాడుకుంటే సరిపోతుంది.

రెండోది, మొదట్లో కలుసుకోవడం. కొన్ని వారాలు కలిసి పనిచేసినవారు తర్వాత మౌనానికి చెడ్డ అర్థం తీయడం తగ్గుతుంది.

మూడోది, గంటల భారాన్ని పంచుకోవడం. రోజువారీ సమావేశం ఎప్పుడూ ఒకరి రాత్రిలోనే పడితే, మొదట నిద్ర పోతుంది, తర్వాత మాట పోతుంది. వంతులవారీగా మార్చుకుంటే రెండో పక్షానికీ ఆ రాత్రి రుచి తెలుస్తుంది.

నాలుగోది, నిర్ణయాన్ని కారణంతో సహా రాసిపెట్టడం. 1991లో ఫిన్లండ్‌లో మొదలైన లినక్స్ దీనికి పెద్ద ఉదాహరణ. ఎక్కడెక్కడివారో చేసే దాని మార్పుల మీద చర్చ బహిరంగంగా, రాతలో సాగుతుంది. సుమారు రెండు నెలలకొక కొత్త వెర్షన్ వస్తుంది. ఆ పని కోసమే లినస్ టోర్వాల్డ్స్ 2005లో రాసిన గిట్ ఇప్పుడు ప్రపంచమంతా వాడే పనిముట్టు.

రాస్తే సరిపోతుందా? సరిపోదని మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ చెబుతుంది. మెట్రిక్ కొలమానమే వాడాలని ఆ ప్రాజెక్టు పత్రంలో ముందే ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పాటించలేదు, ఆ సంగతి పరీక్షలో బయటపడలేదు. దారి లెక్కల్లో ఏదో తేడా ఉందని కొందరికి అనుమానం వచ్చినా అది అనధికార సంభాషణల్లోనే ఆగిపోయింది. కాబట్టి ఐదోది, ఒప్పందాన్ని యంత్రం చేత తనిఖీ చేయించడం. ఈనాటి బృందాలు ప్రతి చిన్న మార్పునూ వెంటనే మొత్తం ప్రోగ్రామ్‌తో కలిపి ఆటోమేటిక్ పరీక్షలకు పంపుతాయి. ఆ పరీక్షలకు పగలూ రాత్రీ లేవు, మొహమాటమూ లేదు.

యంత్రం పట్టుకోలేనిది ఒకటి మిగులుతుంది. అనుమానం వచ్చిన మనిషి దాన్ని పైకి అనడం. స్ప్రింట్ చివర జరిగే సమీక్షలో "ఏం తప్పు జరిగింది?" అని అడిగితే జవాబుగా చాలాసార్లు మౌనమే వస్తుంది. "ఈ రెండు వారాల్లో మీరు మనసులో అనుకుని ఎవరికీ చెప్పనిది ఏమైనా ఉందా?" అని, అందరికంటే జూనియర్‌తో మొదలుపెట్టి అడిగితే సమాధానం రావచ్చు. దానికి పట్టేది పది నిమిషాలు.