ఆటగాళ్ల ఎగుమతి, శిక్షకుల దిగుమతి: అల్బేనియా ఫుట్‌బాల్‌లో ఒక వైరుధ్యం

2016 జూన్ 19న ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో రొమేనియాపై అర్మాండో సాదికు తలతో కొట్టిన గోల్ యూరో కప్ చరిత్రలో అల్బేనియాకు మొదటిది. ఆ దేశానికి మొదటి విజయాన్ని ఇచ్చిందీ అదే. ఆ సాదికును ఏడేళ్ల తరువాత, 2023లో, కోల్‌కతాలో మోహన్ బగాన్ జెర్సీలో భారతీయ ప్రేక్షకులు చూశారు. మరుసటి సంవత్సరం ఆయన ఎఫ్‌సీ గోవాకు మారారు. భారత్‌కు రాకముందు స్విట్జర్లాండ్, పోలండ్, టర్కీ, స్పెయిన్ దేశాల క్లబ్బులకు ఆడారు. అల్బేనియా ఫుట్‌బాలర్ల జీవితంలో ఇన్ని దేశాలు మారడం వింతేమీ కాదు. గమనించవలసిన విషయం వేరొకటి ఉంది. లియోన్‌లో ఆ రోజు అల్బేనియా బెంచీ వద్ద ప్రధాన శిక్షకుడిగా నిలిచిన జియాన్నీ డి బియాసి ఇటలీ దేశస్థుడు.

ఆయన ఒక్కరే కాదు. 2002 చివరలో జర్మనీకి చెందిన హన్స్-పీటర్ బ్రీగెల్ పగ్గాలు చేపట్టారు. అది మొదలు, తాత్కాలిక బాధ్యతలను మినహాయిస్తే, అల్బేనియా జాతీయ జట్టుకు శిక్షకులుగా వచ్చినవారంతా విదేశీయులే. బ్రీగెల్ తరువాత ఒట్టో బారిచ్, ఆరీ హాన్, యోసిప్ కుజే వచ్చారు. వారి వెనుక డి బియాసి, క్రిస్టియన్ పనూచ్చి, ఎడోర్డో రెయా వచ్చారు. 2024 యూరో కప్‌కు జట్టును తీసుకువెళ్లిన సిల్విన్హో బ్రెజిల్ దేశస్థుడు. 2023 జనగణన ప్రకారం అల్బేనియా జనాభా సుమారు 24 లక్షలు. అంత చిన్న దేశం నుంచి ఐరోపా క్లబ్బులకు ఆటగాళ్లు వరుసగా వెళుతూనే ఉన్నారు. జర్మనీ, ఇటలీ, బెల్జియం లీగుల్లో పదేళ్లకు పైబడి ఆడి రిటైరైన అల్బేనియన్లకు కొదువ లేదు. వారిలో శిక్షకులు కావాలనుకున్నవారికి సొంత దేశపు అత్యున్నత పదవి అందలేదు. పరాయి దేశంలో వారికి దొరికే తొలి పదవి సాధారణంగా నాలుగో శ్రేణిలోనో, ఐదో శ్రేణిలోనో, పెద్ద క్లబ్బు యువజట్టు వద్ద సహాయకుడి కుర్చీలోనో ఉంటుంది.

దీనికి మూలాలు చరిత్రలో ఉన్నాయి. ఎన్వర్ హోజా పాలనలోను, ఆయన 1985లో మరణించిన తరువాత కొన్నేళ్లపాటు కూడా, అల్బేనియా పౌరులు దేశం విడిచి వెళ్లడానికి అనుమతి ఉండేది కాదు. క్లబ్బులు ప్రభుత్వానివే. పార్టిజానీ సైన్యానికి చెందినది, డైనమో అంతర్గత వ్యవహారాల శాఖకు చెందినది. ఆటలో సత్తా లేదని కాదు. 1984 డిసెంబరులో ప్రపంచకప్ అర్హత పోటీలో బలమైన బెల్జియం జట్టును అల్బేనియా టిరానాలో 2-0 తేడాతో ఓడించింది. అయినా ఆ విజేతలకు బెల్జియం క్లబ్బులో ఆడే మార్గం లేదు.

1991లో ఆ తలుపులు ఒక్కసారిగా బద్దలయ్యాయి. ఆ ఏడాది ఆగస్టులో దుర్రెస్ రేవు నుంచి సుమారు 20,000 మందితో క్రిక్కిరిసిన వ్లోరా నౌక ఇటలీలోని బారీ తీరానికి చేరిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. ఫుట్‌బాలర్లు కూడా అదే ప్రవాహంలో వెళ్లారు. వారికి ఏజెంట్లు లేరు, భాష రాదు, బేరమాడే శక్తి లేదు. అందుకే వారిలో పలువురు మొదట చేరింది పెద్ద క్లబ్బుల్లో కాదు, చిన్న పట్టణాల జట్లలో.

వ్లోరా పట్టణంలో 1973లో పుట్టిన ఇగ్లీ తారే కథ అలాంటిదే. జర్మనీలో లుడ్విగ్స్‌హాఫెన్ వంటి చోట్ల దిగువ శ్రేణుల్లో ఆడుతూ మెల్లగా పైకి వచ్చారు. కార్ల్స్‌రూహె, డ్యూసెల్‌డోర్ఫ్, కైజర్స్‌లౌటెర్న్ జట్లకు ఆడి, 2001లో ఇటలీలోని బ్రెషా చేరేసరికి అక్కడ రొబెర్తో బాజ్జో, పెప్ గ్వార్డియోలా సహ ఆటగాళ్లుగా ఉన్నారు. చివరగా లాజియోకు ఆడి బూట్లు వదిలారు. ఆ సహ ఆటగాడు గ్వార్డియోలా ప్రపంచ ప్రసిద్ధ శిక్షకుడయ్యారు. తారే మాత్రం శిక్షణ వైపు వెళ్లక కార్యాలయం వైపు మళ్లారు. 2023 వరకు లాజియో క్రీడా డైరెక్టరుగా ఉన్నారు. 2015లో సెర్గెయ్ మిలింకోవిచ్-సావిచ్‌ను బెల్జియం క్లబ్బు గెంక్ నుంచి తెచ్చింది ఆయన హయాంలోనే. 2025లో ఏసీ మిలాన్ ఆయనను అదే హోదాకు తీసుకుంది. ప్రవాసంలో పలు భాషలు నేర్చి, పలు లీగులు చూసిన మనిషికి ఆటగాళ్లను ఎంపిక చేసే ఆ పని అతికినట్టు సరిపోయిందని చెప్పవచ్చు.

అల్టిన్ లాలాది మరో దారి. కవాయలో పుట్టిన ఈ మిడ్‌ఫీల్డర్ 1998లో జర్మనీలోని హనోవర్ 96లో చేరారు. అప్పుడా జట్టు రెండో శ్రేణిలో ఉంది. 2002లో అది బుండెస్‌లీగాకు ఎదిగింది. 2011లో నాలుగో స్థానంతో సీజన్‌ను ముగించింది. ఆ 13 ఏళ్లూ లాలా అక్కడే ఉన్నారు. జాతీయ జట్టు నాయకత్వం కూడా వహించారు. ఆ తరువాత ఆయన చేరింది బయెర్న్ మ్యూనిక్ రెండో జట్టులో. అది అప్పటికి నాలుగో శ్రేణికి పడిపోయి ఉంది. మొదటి చూపులో ఇది పతనంలా కనిపిస్తుంది కాని, జర్మనీలో దీనికి అర్థం వేరు. ఇలాంటి జట్లలో 19, 20 ఏళ్ల కుర్రాళ్ల మధ్య ఒకరిద్దరు అనుభవజ్ఞులను ఉంచుతారు. ఆ పెద్దవాడు మైదానంలో ఆడుతూనే సగం శిక్షకుడి పని చేస్తాడు.

అయితే అనుభవం ఒక్కటే చాలదు. ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యూఫా 1998లో శిక్షకుల అర్హతలపై సభ్యదేశాల మధ్య ఒడంబడికకు శ్రీకారం చుట్టింది. బి, ఎ, ప్రో అనే మెట్లు ఆ విధానంలో భాగం. ఒక సభ్యదేశం ఇచ్చిన లైసెన్సును మిగతా దేశాలు గుర్తిస్తాయి. ఆ లెక్కన టిరానాలో పొందిన ఎ లైసెన్సు మ్యూనిక్‌లోనూ చెల్లుతుంది. పెద్ద లీగుల్లో ప్రధాన శిక్షకుడు కావాలంటే ప్రో లైసెన్సు తప్పనిసరి. జర్మనీలో మూడో శ్రేణికి కూడా అదే నియమం. దీర్ఘకాలం వృత్తి ఫుట్‌బాల్ ఆడినవారికి తొలి మెట్లలో కొంత వెసులుబాటు ఉంటుంది. జాతీయ జట్టుకు ఎన్ని మ్యాచులు ఆడినా ప్రో లైసెన్సు మాత్రం దానంతట రాదు. ఆ కోర్సుల్లో సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ముందుగా ఎక్కడో ఒక జట్టును నడిపిన అనుభవం చూపాలి. ఆ జట్టు దొరికేది దిగువ శ్రేణిలోనే. పరాయి దేశస్థులకు భాష మరో అడ్డంకి. మైదానంలో ఆడటానికి వంద మాటలు చాలు, విశ్రాంతి సమయంలో 15 నిమిషాల్లో జట్టు మనసు మార్చడానికి వంద మాటలు చాలవు.

ఇక ఆ శ్రేణుల్లో పని ఎలా ఉంటుందో చూడాలి. జర్మనీ ఐదో శ్రేణి ఓబర్‌లీగాలో చాలామంది ఆటగాళ్లు పగలు ఉద్యోగాలు చేసుకునేవారే. శిక్షణ సాయంత్రం మొదలవుతుంది. ఫ్యాక్టరీ షిఫ్టు పెరిగితే జట్టు కూర్పు మారుతుంది. ప్రత్యర్థి ఆట వీడియోలు చూసేదీ, కొత్త ఆటగాడి కోసం ఫోన్లు చేసేదీ శిక్షకుడే. జీతం చాలక పగలు వేరే ఉద్యోగం చేసుకునే శిక్షకులూ ఉన్నారు.

నాలుగో శ్రేణి రీజియనల్‌లీగా మరింత కఠినం. అది ఐదు విభాగాలుగా ఉంటుంది. ఐదు విభాగాలకూ విజేతలు ఉంటారు, కాని మూడో శ్రేణికి ఎదిగే స్థానాలు నాలుగే. ప్రతి సంవత్సరం ఇద్దరు విభాగ విజేతలు ఆ మిగిలిన ఒక్క స్థానం కోసం తలపడాలి. అంటే ఒక శిక్షకుడు సీజన్ మొత్తం గెలిచి, విభాగ విజేతగా నిలిచి కూడా, రెండు మ్యాచుల్లో తడబడితే అదే శ్రేణిలో మిగిలిపోతారు. బడ్జెటు పెరగదు, మంచి ఆటగాళ్లు వెళ్లిపోతారు. ఈ పద్ధతిని మార్చాలని దిగువ శ్రేణి క్లబ్బులు చాలాకాలంగా కోరుతున్నాయి. ఇటలీ పద్ధతి ఈ విషయంలో నయం. అక్కడి నాలుగో శ్రేణి సెరీ డిలో తొమ్మిది విభాగాలు ఉన్నాయి, తొమ్మిది మంది విజేతలూ పైశ్రేణికి వెళతారు.

పై శ్రేణికి నేరుగా చేరినవారి స్థితి కూడా స్థిరం కాదు. కొసావోలోని జకోవాలో 1971లో పుట్టి అల్బేనియా తరఫున ఆడిన బెస్నిక్ హసి, ఒకనాడు అల్బేనియన్లకు దుర్గమమైన బెల్జియంలోనే స్థిరపడ్డారు. గెంక్‌తో, ఆ తరువాత అండర్‌లెక్ట్‌తో లీగు టైటిళ్లు గెలిచారు. అండర్‌లెక్ట్‌లోనే 2008 నుంచి సహాయక శిక్షకుడిగా ఉన్నారు. 2014 మార్చిలో ప్రధాన శిక్షకుడిని క్లబ్బు తొలగించినప్పుడు ఆ బాధ్యత హసికి దక్కింది. రెండు నెలల్లో జట్టు ఛాంపియన్ అయింది. 2016లో పోలండ్ క్లబ్బు లెగియా వార్సాను ఆయన ఛాంపియన్స్ లీగ్ ప్రధాన దశకు చేర్చారు. రెండు దశాబ్దాల తరువాత ఒక పోలండ్ క్లబ్బుకు దక్కిన ఘనత అది. ఆ దశ తొలి మ్యాచులో సొంత మైదానంలో డార్ట్‌మండ్ చేతిలో 0-6తో ఓడారు. కొద్దిరోజుల్లోనే ఆయన పదవి పోయింది.

మరి సొంత దేశం తన మాజీ ఆటగాళ్లను ఎందుకు పిలవడం లేదు? జాతీయ జట్టులో చాలామంది స్విట్జర్లాండ్, జర్మనీ, ఇటలీల్లో పుట్టి పెరిగినవారు. 2016లో లెన్స్ నగరంలో అల్బేనియాకు తౌలాంత్ జాకా, స్విట్జర్లాండ్‌కు ఆయన సొంత తమ్ముడు గ్రానిట్ జాకా ఎదురెదురుగా ఆడారు. ఇలాంటి జట్టును స్థానిక క్లబ్బుల వర్గాలతో సంబంధం లేని బయటి వ్యక్తి నడపడం సులువని పాలకులు భావిస్తున్నట్టు తోస్తుంది. ఫలితాలు రెండుసార్లు వారి వాదనకు బలమిచ్చాయి కూడా. కాని ఆ వాదన ప్రవాసంలో పండిన మాజీ ఆటగాళ్లకూ సమానంగా వర్తిస్తుంది. వారు కూడా స్థానిక వర్గాలకు దూరంగా, పలు భాషల మధ్య బతికినవారే.

డి బియాసి గత చరిత్రను ఇక్కడ చెప్పుకోవాలి. 2015లో అల్బేనియా పౌరసత్వం పొందిన ఈ శిక్షకుడు అగ్రశ్రేణి తారగా ఆ దేశానికి రాలేదు. ఇటలీలో మోడెనా అనే మధ్యతరహా పట్టణపు జట్టును మూడో శ్రేణిలో చేపట్టి, 2001లో రెండో శ్రేణికి, 2002లో సెరీ ఎకు, వరుస సీజన్లలో ఎక్కించడంతో ఆయన పేరు తెలిసింది. ఆ తరువాత టొరీనోను కూడా రెండో శ్రేణి నుంచి పైకి తెచ్చారు. అంటే అల్బేనియాను తొలిసారి యూరో కప్‌కు చేర్చిన నైపుణ్యం పుట్టింది ఇటలీ దిగువ శ్రేణుల్లోనే. ఇప్పుడు అదే మెట్ల మీద ఉన్న అల్బేనియా మాజీ ఆటగాళ్లలో ఎవరికైనా టిరానా నుంచి పిలుపు రావాలంటే, ముందు వారికి ఒక ప్రో లైసెన్సు, ఒక మోడెనా దొరకాలి.