మొరాయించిన తాళం

గత ఉగాదికి మా బరంపురంలో తెలుగు కుటుంబాలవాళ్లం కలుసుకున్నప్పుడు, పిల్లల కోసం ఏదైనా చెయ్యమని నన్నడిగారు. పాటలు రావు, పద్యాలకు గొంతు లేదు. లెక్కల మాస్టారుగా రిటైరయిన నాకు వచ్చిన గారడీ ఒక్కటే. నాలుగు అంకెల చక్రాలున్న తాళం ఒకటి జేబులో వేసుకుని వెళ్లాను.

ప్రయాణాల్లో పెట్టెలకు వేసుకునే తాళమే అది. తాళంచెవి ఉండదు. ఒక్కో చక్రానికి లోపల ఒక గాడి ఉంటుంది. నాలుగూ ఒక వరసలోకి వస్తేనే కొక్కెం పైకి లేస్తుంది. 0000 నుంచి 9999 దాకా 10,000 సంఖ్యలు. రెండు సెకన్లకొకటి చొప్పున తిప్పినా అన్నీ చూడ్డానికి అయిదున్నర గంటలు పడుతుంది. ఈ మాట సభకు ముందే చెప్పాలి సుమండీ, లేకపోతే తర్వాత జరిగేదానికి విలువ ఉండదు.

చాక్లెట్ల పెట్టెకు తాళం వేసి, ఆరో తరగతి చదివే ఒక అమ్మాయిని పిలిచాను.

"తల్లీ, మూడంకెల సంఖ్య ఏదైనా రాసుకో. మొదటి అంకె, చివరి అంకె ఒకటే కాకూడదు. దాన్ని తిరగేసి రాసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యి. వచ్చినదాన్ని మళ్లీ తిరగేసి, ఆ రెండూ కలుపు. ఆ సంఖ్యకే తాళం వస్తుంది" అన్నాను.

ఆ పిల్ల బడి చదువు ఒడియాలో. అంకెలు ఒడియాలోనే గొణుక్కుంటూ వేసింది. చక్రాలు తిప్పి లాగింది. రాలేదు.

వెనక వరసల్లో నవ్వులు. కాగితం చూశాను. 614 లోంచి 416 తీసి 208 వేసింది. అప్పు తెచ్చుకుని, పదుల్లో ఒకటి తగ్గించడం మరిచిపోయింది. 208కి 802 కలిపి 1010 అంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ సరిగ్గా ఈ తప్పుకే పిల్లల చెవులు మెలిపెట్టిన చేతులివి. "తప్పు వేశావ్" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముందు వరసలో వాళ్లమ్మ తల దించుకుని కూర్చుంది.

"పాత తాళం, మొరాయిస్తోందమ్మా. ఎవరైనా కాస్త కొబ్బరినూనె తెండి. ఈలోగా నువ్వు లెక్క మరోసారి చూసుకుంటూ ఉండు" అన్నాను.

సీసా రాకముందే "తాతగారూ, అప్పు మరిచిపోయానండీ!" అని సభంతా వినేట్టు అరిచింది. 198. తిరగేస్తే 891. కలిపితే 1089. కొక్కెం టక్కున లేచింది. చాక్లెట్లు ఆ పిల్ల చేతే పంచిపెట్టించాను.

రహస్యం చెప్పేస్తున్నాను, గారడీ వృత్తిగా ఉన్నవాళ్లు క్షమించాలి. నంబరు మనమే మార్చుకోగలిగిన తాళం కొని, ముందే 1089కి అమర్చి ఉంచుకోవాలి. ఏ సంఖ్య రాసుకున్నా, తీసివేతలో వచ్చేదానికి నడిమి అంకె తొమ్మిదే, అటూ ఇటూ ఉన్న అంకెలు కలిపినా తొమ్మిదే. దాన్ని తిరగేసి కలిపితే ఒకట్లలో 9, పదుల్లో 18, వందల్లో 9. మొత్తం 1089. తీసివేతలో 99 వస్తే మాత్రం 099 అని రాయించి, 990 కలిపించాలి. ఒకే సభలో రెండోసారి చేశారా, దొరికిపోతారు.

ఆ తాళం ఇప్పుడా అమ్మాయి దగ్గరే ఉంది. నంబరు మార్చేసిందట. ఎంతో నాకు చెప్పలేదు.