దీవిలో విడిది

నలువైపుల నీరు, నడుమ నేల ఉన్నచో దానిని సంస్కృతమున ద్వీపమందురు. తెలుగువారు ఆ ఒక్క మాటతో తృప్తిపడలేదు. సముద్రతీరమువారికి అది దీవి, గోదావరివారికి లంక, కృష్ణ ఎగువనున్న వారికి గడ్డ. గుర్రంగడ్డ, కురుగడ్డ అను పేర్లు గద్వాల, మక్తల్ ప్రాంతములవారికి క్రొత్తవి కావు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమనే నడిగడ్డ అని పిలుచుచున్నాము గనుక, మల్దకల్ వారును ఒక విధముగా గడ్డవాసులే. అట్టి సీమనుండి నలుగురు మిత్రులు కూడి, సీడు పత్తి పనులు ముగిసిన పిదప అండమాను దీవులకు పోవలెనని తలచినచో, విడిది ఎచ్చట చూచుకొనవలయును? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని ప్రయాణపు సుఖదుఃఖములు చాలవరకు దీనిపైననే ఆధారపడి ఉన్నవి.

మొదట పేర్ల చిక్కు తీర్చుకొందము. హైదరాబాదునుండి విమానమున సుమారు రెండున్నర గంటలలో చేరెడి ముఖ్యపట్టణమును చిరకాలము పోర్టు బ్లెయిరు అనిరి. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురమని పేరు పెట్టిరి. హేవ్‌లాక్ దీవి 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అయినది; నీల్ దీవి షహీద్ ద్వీప్ అయినది. గదుల ప్రకటనలలోను, పడవ టిక్కెట్లలోను పాతపేర్లు క్రొత్తపేర్లు కలగలిసి ఉండును. ఒకే చోటిని రెండు చోట్లనుకొని సొమ్ము కట్టకుండ చూచుకొనవలెను. జనుల నోట పాతపేర్లే ఎక్కువగా నానుచున్నవి గనుక మేమును వానినే వాడుచున్నాము.

యాత్రికుడు రాత్రి నిదురింపదగిన చోట్లు ముఖ్యముగా మూడు: పోర్టు బ్లెయిరు పట్టణము, హేవ్‌లాక్, నీల్. ఉత్తరమున మరికొన్ని ఊళ్ళున్నను తొలిసారి పోవువారికి ఈ మూడే చాలును. బారాటాంగ్ దీవిలోని సున్నపురాతి గుహలను చూచి సాయంత్రమునకు తిరిగి రావచ్చును. ఆ దారి జారవా అను ఆదిమజాతివారి అడవిగుండా పోవును. అచ్చట బండి ఆపుట, ఫొటోలు తీయుట, తినుబండారములిచ్చుట నిషిద్ధము. వారి రక్షణకై 1956 నుండియు ప్రత్యేక శాసనము కలదు. నికోబారు దీవులకు సామాన్య యాత్రికులకు సులభముగా అనుమతి లభింపదు.

ఈ మూడింటిలో దేనిని ఎన్నుకొనవలెను అనుటకంటె, ఏ రాత్రి ఎచ్చట ఉండవలెను అని ఆలోచించుట మేలు. ఇందులకు గుర్రంగడ్డవారి అనుభవమే మంచి పాఠము. కృష్ణానది నడుమనున్న ఆ గ్రామమువారు వంతెన లేని దినములలో పుట్టిమీదనో పడవమీదనో ఒడ్డుకు చేరెడివారు. జూరాల గేట్లెత్తి నీరు వదలినప్పుడు రాకపోకలు నిలిచిపోవును. మరునాడు గద్వాలలో తప్పనిసరి పని యున్నవాడు, నది పొంగు చిహ్నములు కనబడగానే ముందునాడే ఒడ్డు దాటి బంధువుల ఇంట పండుకొనును. ఏటి నడుమ బ్రదికినవారికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు.

సముద్రమును అంతే. హేవ్‌లాక్, నీల్ దీవులనుండి విమానమెక్కుటకు పోర్టు బ్లెయిరునకు పడవలో రావలెను. వేగనౌకలో హేవ్‌లాక్ నుండి సుమారు గంటన్నర, ప్రభుత్వ నౌకలో రెండున్నర గంటలు పట్టును. గాలి మారినచో నౌకలు నిలిపివేయుదురు. అది వారి తప్పు కాదు, మన ప్రాణరక్షణకే. 2016 డిసెంబరు మొదటి పక్షమున వచ్చిన తుపానులో ఈ రెండు దీవులలోను వేయిమందికి పైగా యాత్రికులు చిక్కుకొనగా, నౌకాదళమువారు వచ్చి వారిని తరలించిరి. కావున చివరి రాత్రి విడిది పోర్టు బ్లెయిరులోనే ఉండవలయును. ఇందులో మినహాయింపు లేదు. సముద్రతీరమున మరియొక సూర్యోదయము చూడవచ్చునను ఆశతో చివరి ఉదయము పడవనుండి తిన్నగా విమానాశ్రయమునకు పోవుదమను మిత్రుడు ప్రతి బృందములోను ఒకడుండును. అతని మాట ఈ ఒక్క విషయమున వినరాదు.

మరియొక సంగతి. ముందు గది, పిదప పడవ అనుకొనుట మన అలవాటు. అచ్చట ముందు పడవ, పిదప గది. ప్రభుత్వ నౌకలలో ధర తక్కువ గనుక టిక్కెట్లు త్వరగా అయిపోవును. పడవలో చోటు దొరకిన తేదీలను పట్టియే గదులు తీసికొనవలెను. చిన్న విహారపు పడవల విషయమున ఇంకను జాగ్రత్త వలయును. 2014 జనవరి 26న పోర్టు బ్లెయిరు సమీపమున పరిమితికి మించి జనులనెక్కించుకొన్న విహారనౌక మునిగి ఇరువదిమందికి పైగా మరణించిరి. పడవ నిండినదని తోచినచో దిగిపోవుటయే మంచిది. కట్టిన సొమ్ము పోయినను పోనిండు.

ఇక తీరము మాట. సముద్రమునకు ఎదురుగా గది యని ప్రకటనలో చూడగానే మన మనస్సు ఉప్పొంగును. కాని ఏ సముద్రము, ఏ వేళ అని అడుగవలెను. నదిగట్టున పెరిగినవారికి నీరు వానలను పట్టి పెరుగుట తరుగుట తెలియును. సముద్రము దినమునకు రెండు పర్యాయములు పోటెత్తి, రెండు పర్యాయములు వెనుకకు తీయును. ఈ పోటుపాటుల వేళ నేటికంటె రేపు సుమారు 50 నిమిషములు ఆలస్యమగును. పున్నమ, అమావాస్యలకు పోటు హెచ్చు, పాటును హెచ్చే. హేవ్‌లాక్ తూర్పుతీరమున గోవిందనగర్, విజయనగర్ ఊళ్ళలో విడుదులు విస్తారముగా ఉన్నవి. రేవునకు దగ్గర, అంగళ్ళు దగ్గర, సూర్యోదయము కనులపండుగ. అయితే పాటువేళ అచ్చట నీరు బహుదూరము వెనుకకు పోయి, రాళ్ళు, చచ్చిన పగడపు దిబ్బలు బయటపడును, ఈతకు పనికిరాదు. పడమటి తీరమున రాధానగర్ మెత్తని ఇసుకతో అన్నివేళల స్నానమునకు అనువైనది. కాని అది రేవునకు సుమారు పది కిలోమీటర్లకు పైగా దూరము. విడుదులు తక్కువ, ధరలెక్కువ. సామాన్య సంసారులకు తూర్పున బస, పడమట స్నానము అనుటయే మా సలహా. పోవుచు వచ్చుటకు ఆటో దొరకును. అద్దె మోటారు సైకిళ్ళును కలవు.

ఇచ్చట గడియారపు సంగతి కొంచెము చెప్పవలెను. భారతదేశపు ప్రామాణిక కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును పట్టి ఏర్పడినది. మల్దకల్ దానికి సుమారు అయిదు డిగ్రీలు పడమట, పోర్టు బ్లెయిరు సుమారు పది డిగ్రీలు తూర్పున ఉన్నవి. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున ఈ రెండు చోట్ల నడినెత్తి సూర్యునికి ఒక గంట తేడా వచ్చును. గడియారము మాత్రము ఒక్కటే. అందుచేత డిసెంబరులో అచ్చట సాయంత్రము అయిదు గంటలకే పొద్దు క్రుంకును. రాధానగరులో సూర్యాస్తమయము చూచి తిరిగి వచ్చుసరికి దారియంతయు చీకటి. బండి తిరుగు ప్రయాణమునకు కూడ ముందే మాట్లాడుకొనుట, బృందమంతయు ఒకే ఆవరణలో విడియుట ఇందుకే అవసరము. ముగ్గురు ఒక తీరమున, ఇద్దరు మరొక తీరమున దిగినచో భోజనమునకు కలియుటయే కష్టము. సముద్రగర్భమున వేసిన తంతి 2020 ఆగస్టులో ప్రారంభమైన పిదప ఫోను సౌకర్యము మెరుగుపడినది గాని, ఫోను బండిని తేలేదు కదా!

చీకటిపడిన తరువాత నీటిలో దిగరాదు. మడ అడవులు, వాగుల ముఖద్వారములు ఉన్నచోట ఉప్పునీటి మొసళ్ళు తిరుగును. 2010లో రాధానగరు సమీపమున ఒక విదేశీ యువతి మొసలి నోటబడి మరణించినది. హెచ్చరిక పలకలు చూచి నవ్వుకొనువారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. విడిదివారిని అడుగదగిన ప్రశ్న మరొకటి కలదు: సునామీ హెచ్చరిక వచ్చినచో మెట్టకు పోవు దారి ఏది? 2004 డిసెంబరు 26 నాటి ఉప్పెనను ఆ దీవులవారు మరువలేదు. మీ ప్రశ్నకు వారు విసుగుకొనరు.

నీల్ దీవి చిన్నది. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రాంనగర్ అని ఊళ్ళకు రామాయణపు పేర్లు. తూర్పు బెంగాలునుండి శరణార్థులై వచ్చినవారు అచ్చట స్థిరపడి కూరగాయలు పండించుచున్నారు. ఒక కొసనుండి మరొక కొసకు సైకిలుపై పోవచ్చును. సందడి వలదనువారు హేవ్‌లాకులో ఒక రాత్రి తగ్గించుకొని ఇచ్చట ఒకటి పెంచుకొనవచ్చును. సందడి కోరు మిత్రులు మాత్రము రెండవనాటికే విసుగుకొందురు.

నీటి మాట మరువరాదు. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురియు దీవులలో నీటికి కొరతయా అని నడిగడ్డవారు ఆశ్చర్యపడవచ్చును. పెద్ద నదులు లేవు. పడిన వాన చాలవరకు సముద్రములోనికే జారిపోవును. ఎండకాలమున పోర్టు బ్లెయిరులో సైతము కుళాయి నీటిని వంతులవారీగా వదలుదురు. గది తీసికొనుముందు దీపాలంకారముల సంగతి మాని నీటి తొట్టి సంగతి అడుగుడు.

పట్టణములో విడిది చూచుకొనునప్పుడు భాష చిక్కు పెట్టదు. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. అందు శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి వలసపోయినవారు పెక్కుమంది. బజారులో తెలుగున బేరమాడవచ్చును, పప్పన్నము దొరకును. సెల్యులర్ జైలునకు నడచిపోదగిన దూరమున గది దొరకినచో అదియే తీసికొనుడు. 1896లో మొదలై 1906లో పూర్తియైన ఆ కట్టడమునకు నాడు ఏడు రెక్కలుండగా నేడు మూడే మిగిలియున్నవి. జైలు కట్టకముందే, 1857లో హైదరాబాదు రెసిడెన్సీపై దాడిచేసిన మౌల్వీ అల్లావుద్దీనును ఆ దీవులకు పంపిరి. ఆయన అచ్చటనే కన్నుమూసెను. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఏండ్ల తరబడి అచ్చట శిక్షననుభవించి, తిరిగివచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఆ గోడల నడుమ ఒక పూట గడపక తిరిగివచ్చుట మాకు ఉచితముగా తోచదు.

మిత్రుల నడుమ తగవు సాధారణముగా సొమ్ము దగ్గర పుట్టును. అండమానులో గది దగ్గరకూడ పుట్టును. చల్లని గది కోరువాడు ఒకడు, ఫ్యాను చాలునను వాడు ఒకడు. ఈ తేడాను బయలుదేరకముందే పైకి చెప్పుకొనవలెను. మొగమాటమున ఊరకున్నవాడు మూడవనాడు మాటలాడుట మానును. బస, పడవ, భోజనము ఉమ్మడి సంచినుండి. సముద్రములో మునిగి చేపలను చూచుట వంటి వేడుకలు ఎవరివి వారివి. ఒక్కరికి నీటి భయమున్నను వారిని ఒడ్డుననే ఉండనీయవలెను. గురక పెట్టువారికి వేరుగది ఇచ్చుటలో సిగ్గుపడనక్కరలేదు.

కాలము మాట మిగిలినది. మే నుండి సెప్టెంబరు వరకు నైరృతి వానలు. ఆపై తుపానుల భయము. మార్గశిరమున తిమ్మప్ప జాతర చూచుకొని వెంటనే బయలుదేరినచో సంవత్సరాంతపు రద్దీలో పడుదురు. అప్పుడు గదుల అద్దెలు మిక్కిలి ప్రియము. సంక్రాంతి వెళ్ళిన పిదప ఫిబ్రవరి మాసాంతములోపల పోవుట మంచిది. సముద్రము చాలవరకు నెమ్మదిగా ఉండును, గదులును కొంత సరసముగా దొరకును. ఆరు రాత్రుల ప్రయాణమైనచో పోర్టు బ్లెయిరున ఒకటి, హేవ్‌లాకున రెండు, నీలున ఒకటి, తిరిగి పోర్టు బ్లెయిరున రెండు అని లెక్క వేసికొనవచ్చును. రాత్రులు అయిదే అయినచో నీల్ మానుకొనుడు, లేదా హేవ్‌లాకున ఒకటి తగ్గించుడు. చివరి రాత్రిని మాత్రము కదల్పకుడు.