హార్డ్ డిస్కులో గెట్లు, తూములు

కంప్యూటరు అనగానే మనలో చాలామందికి సి డ్రైవు, డి డ్రైవు గుర్తుకొస్తాయి. 1969లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్సులో గానీ, ఆ బాటలోనే 1991లో లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించిన లినక్సులో గానీ ఈ డ్రైవులు లేవు. అంతా ఒకే చెట్టు. దాని మొదలు పేరు '/'. డిస్కును గెట్లు పెట్టి విడదీసిన ఒక్కో భాగం ఒక పార్టిషన్. ఆ భాగాన్ని చెట్టులోని ఒక డైరెక్టరీకి తగిలించడమే మౌంట్ చేయడం. అంతవరకు అందులోని సమాచారం ఉండీ లేనట్టే. నిజాంసాగర్ కాలువ నిండుగా పారుతున్నా తూము ఎత్తందే మడి తడవదు కదా!

మా ఇంట్లో ఈ విద్యతో అవసరం పడింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడకముందు తోలిన చెరకు టన్నులు, బిల్లులు, కోతకూలి లెక్కలు మా పెదనాన్న లినక్సు ఉన్న పాత కంప్యూటరులో దాచిండు. అది పాడైతే డిస్కు ఊడదీసి ఒక దుకాణానికి తీసుకుపోయిండ్రు. అక్కడి విండోస్ యంత్రం 'ఫార్మాట్ చేయాలా?' అని అడిగింది. దుకాణదారుడూ చేయమన్నడు! నిజానికి డిస్కుకు ఏ రోగమూ లేదు. లినక్సు వాడే ఎక్స్‌ట్4 అనే ఫైల్ పద్ధతిని విండోస్ తనంతట తాను చదవలేదు, అంతే. సరేనంటే ఆ లెక్కలన్నీ పోయేవి.

డిస్కును ఇంకో లినక్సు యంత్రానికి తగిలించి ముందుగా 'ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్' అని కొట్టాలి (ఆంగ్ల అక్షరాల్లోనే సుమా). పార్టిషన్ల పేర్లు, ఫైల్ పద్ధతి, యూయూఐడీ కనిపిస్తాయి. '-ఎఫ్' తీసేసి కొడితే సైజులు వస్తాయి. 320 జీబీ డిస్కు అక్కడ 298 అని చూపితే కంగారు పడొద్దు: తయారీదారు వెయ్యితో, కంప్యూటరు 1024తో లెక్కిస్తారు.

అసలు ప్రమాదం పేర్లతోనే. ఈరోజు ఎస్‌డీబీ అయిన డిస్కు రేపు ఎస్‌డీసీ కావచ్చు. యంత్రం కనుక్కున్న వరుసను బట్టి పేరు పడుతుంది. 'మూడో తూము పక్క పొలం' అని గుర్తు చెప్పినట్టు! నడుమ ఇంకో తూము పెడితే ఆ గుర్తు చెడిపోతుంది. యూయూఐడీ సర్వే నంబరు వంటిది. మళ్లీ ఫార్మాట్ చేస్తే తప్ప మామూలుగా మారదు. అందుకే యంత్రం లేవగానే తానే మౌంట్ చేసుకోవాలంటే 'ఎఫ్‌స్టాబ్' ఫైలులో యూయూఐడీయే రాయాలి. ఊడదీసే డిస్కైతే పక్కన 'నోఫెయిల్' కూడా రాయాలి. లేకుంటే డిస్కు లేనినాడు యంత్రం లేవకుండా మొరాయించవచ్చు.

పాత డిస్కును మొదట చదవడానికి మాత్రమే తెరవడం మేలు. ఖాళీ డైరెక్టరీ ఒకటి చేసుకుని:

సుడో మౌంట్ -ఓ ఆర్ఓ /డెవ్/ఎస్‌డీబీ2 /ఎంఎన్‌టీ/చెరకు

ఖాళీది కాకపోతే అందులోని ఫైళ్లు మౌంట్ ఉన్నంతసేపు మరుగున పడతాయి, పోవు. మా డిస్కులో మొదటి భాగం స్వాప్. లెక్కలు రెండోదాంట్లో దొరికినయి.

పని అయ్యాక 'యూమౌంట్' (ఇందులో 'ఎన్' అక్షరం ఉండదు, ఎందుకో!) కొట్టాలి. 'బిజీ' అంటే మీరే ఆ డైరెక్టరీలో నిలబడి ఉండొచ్చు, బయటికి రండి. రాసే డిస్కైతే యూమౌంట్ కాకముందు తీగ పీకొద్దు. రాసినట్టు కనిపించినవి ఇంకా మెమరీలోనే ఉండవచ్చు.