పాల యంత్రపు అంకె – సభ్యులు తెలుసుకొనవలసిన సంగతులు

తెల్లవారకముందే లేచి, బర్రెకు మేత వేసి, పాలు పితికి, క్యాను పట్టుకొని పాల కేంద్రానికి వచ్చే సభ్యులకు ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాము. పరకాల నుండి నర్సంపేట దాకా, వర్ధన్నపేట నుండి ములుకనూరు దాకా ఏ పాల కేంద్రంలో చూచినా వరుస ఒకటే, క్యాన్లు ఒకటే. మారినది బల్ల మీది సామాను. ఎలక్ట్రానిక్ కాటా, పాలను పరీక్షించే యంత్రం, కంప్యూటరు, చిట్టీ అచ్చువేసే చిన్న ప్రింటరు వచ్చినవి. సొమ్ము చేతికి రాదు, బ్యాంకు ఖాతాలో పడుతుంది. బర్రె చెవికి పసుపుపచ్చ బిళ్ళ, దాని మీద 12 అంకెల నంబరు వచ్చినవి.

ఇవన్నీ మేలు చేసేవే. అయితే మేలు ఎవరికి ఎంత చేరుతుందన్నది యంత్రం చేతిలో లేదు. తెర మీద వెలిగే అంకెను ఒక్క బర్రె ఉన్న సభ్యురాలు కూడా చదివి, సందేహం ఉంటే అడిగి, సరిచూపించుకొనగలిగిననాడే ఆ యంత్రం సంఘానిదవుతుంది. లేనిచో పాత రోజుల్లో పాల వ్యాపారి నోటిమాట ఎటువంటిదో, నేటి తెర మీది అంకె కూడా అటువంటిదే అవుతుంది. కావున ఆ అంకె ఎట్లా పుడుతుందో, ఎక్కడ తప్పుతుందో ముందుగా తెలుసుకొందాము.

గెర్బరు పరీక్ష నుండి యంత్రం దాకా

1970వ సంవత్సరంలో క్షీర విప్లవ పథకం దేశంలో ప్రారంభమైనది. మన ఉమ్మడి రాష్ట్రంలో 1974లో పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, 1981లో సహకార సమాఖ్య ఏర్పడినవి. ఆనాటి గ్రామ సంఘాలలో వెన్న శాతం చూచుటకు గెర్బరు పరీక్షే ఆధారము. గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లము, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు పోసి, బిరడా బిగించి, తిరుగుడు యంత్రంలో తిప్పితే వెన్న పైకి తేలి గీతల మీద నిలిచేది. పద్ధతి గట్టిది. నేటికీ యంత్రాలను సరిచూచుటకు డెయిరీలు దీనినే వాడుతున్నవి. కాని ఆమ్లముతో పని ప్రమాదకరం, వేళ పట్టేది. వరుసలో ఉన్నవారు ఫలితం కొరకు ఆగలేరు గనుక నమూనా సీసాలు ప్రక్కన పెట్టి తరువాత పరీక్ష చేసేవారు. తన పాలకు ఎంత వెన్న వచ్చినదో సభ్యునికి తరువాతనే తెలిసేది. అప్పుడు అడుగుటకు పాలూ లేవు, నమూనా లేదు.

తరువాత ఎలక్ట్రానిక్ టెస్టర్లు వచ్చినవి. జైపూరులో 1981లో ఏర్పడిన రాజస్థాన్ ఎలక్ట్రానిక్స్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు వీటిని మన దేశంలోనే తయారు చేసినవి. గుజరాతు సంఘాలలో 1990ల నుండి కాటాను, టెస్టరును కంప్యూటరుకు కలిపి, పాలు పోసిన వెంటనే లెక్క కట్టే ఏర్పాటు వ్యాపించినది. సభ్యుడు బల్ల ముందు ఉండగానే తూకం, వెన్న, ధర అన్నీ తేలిపోవుట ఈ ఏర్పాటులోని అసలు లాభము. అడగవలసినది అక్కడే అడగవచ్చును.

యంత్రం ఎట్లా కొలుస్తుంది?

నేడు గ్రామాలలో ఎక్కువగా కనిపించేవి ధ్వని తరంగాలతో పనిచేసే యంత్రాలు. మన చెవికి వినబడని సన్నని ధ్వనిని యంత్రం పాలలోనుండి పంపుతుంది. వెన్న, వెన్నేతర ఘనపదార్థాలు, అనగా మనం ఎస్.ఎన్.ఎఫ్. అని పిలుచుకొనేవి, ఎంత ఉన్నవన్న దానిని బట్టి ధ్వని పోయే వేగం మారుతుంది. ఆ మార్పు నుండి యంత్రం శాతాలను లెక్కగట్టి చూపుతుంది. అంటే వెన్నను అది విడదీసి కొలుచుట లేదు, అంచనా కడుతున్నది. ఆ అంచనా సరిగా ఉండవలెనంటే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

మొదటిది కలుపుట. వెన్న పైకి తేలే గుణము గలది. క్యానును బాగా కలుపకుండా పైపాలు తీస్తే ఎక్కువ, అడుగుపాలు తీస్తే తక్కువ చూపుతుంది. రెండవది నురుగు. అప్పుడే పితికిన పాలలో గాలి బుడగలు ఉంటే ధ్వని వేగం మారి అంకె తప్పుతుంది. నురుగు తగ్గిన తరువాతనే నమూనా పెట్టవలెను. మూడవది శుభ్రత. యంత్రం లోపల పాల చార పేరుకొంటే రోజురోజుకు అంకె ప్రక్కకు జరుగుతుంది. పూట ముగియగానే తయారీదారు చెప్పిన ద్రావణంతో కడగవలెను. నాలుగవది ఆవు, గేదె మీట. రెండు పాలకు యంత్రంలో వేరువేరు అమరికలు ఉంటవి. గేదె పాలను ఆవు అమరిక మీద పరీక్షిస్తే అంకె నమ్మదగినది కాదు. ఐదవది, పులిసిన పాలకు ఏ అంకె వచ్చినా లెక్కకు రాదు.

ఇంకొక సంగతి కూడా చెప్పక తప్పదు. పాలలో నీళ్ళు పోసి, ఉప్పో చక్కెరో యూరియానో కలిపితే ఎస్.ఎన్.ఎఫ్. అంకెను పైకి తేవచ్చునని కొందరు కనిపెట్టినారు. మామూలు యంత్రం అన్ని మోసాలను పట్టలేదు. అటువంటి కల్తీకి విడి పరీక్షలు ఉన్నవి. వాటిని మానుకొనుటకు యంత్రం సాకు కారాదు.

పాయింటులో రెండు వంతుల ఖరీదు

అంకె రవ్వంత తప్పితే ఏమవుతుందిలే అని కొందరు అంటారు. లెక్క చూతము. ఒక సభ్యురాలు రోజుకు 5 లీటర్ల గేదె పాలు పోస్తున్నదనుకొందాము. 5 లీటర్లు సుమారు 5.15 కిలోలు. వెన్న అసలు 6.5 శాతం ఉండగా యంత్రం 6.3 చూపినది. తేడా 10.3 గ్రాముల వెన్న. లెక్క కొరకు కిలో వెన్నకు 800 రూపాయలు అనుకొంటే రోజుకు 8 రూపాయల 24 పైసలు నష్టము. నెలకు 247 రూపాయలు. సంవత్సరం పొడుగునా పాలు పోస్తే 3,000 రూపాయలు దాటుతుంది. ఒకరికే ఇంత. అదే యంత్రం మీద నూరు మంది పోస్తే నెలకు 24,000 రూపాయల పైమాట. ఎవరూ దొంగిలించకపోయినా సొమ్ము పోయినది.

యంత్రం ఎక్కువ చూపినా మేలు లేదు. డెయిరీలో తిరిగి పరీక్ష జరిగినపుడు అక్కడి అంకె తక్కువ వస్తుంది. సంఘం సభ్యులకు ఇచ్చినది ఎక్కువ, డెయిరీ నుండి వచ్చినది తక్కువ. ఆ లోటు సంఘం మిగులు నుండి, అనగా మన బోనసు నుండి పోతుంది.

అందుచేత పాలకవర్గాలు తప్పక చూడవలసిన లెక్క ఒకటున్నది. పదిహేను రోజులలో సభ్యుల వద్ద సేకరించిన మొత్తం వెన్న ఎన్ని కిలోలు, డెయిరీ ఒప్పుకొన్న వెన్న ఎన్ని కిలోలు? ఈ రెండు అంకెలు ప్రక్కప్రక్కన వేసి నోటీసు బోర్డు మీద పెట్టవలెను. కంప్యూటరు ఉన్నచోట ఇది క్షణంలో తేలే పని. తేడా ప్రతిసారీ ఒకే వైపు ఉంటే యంత్రమో, నమూనా తీసే చెయ్యో, రవాణాయో సరిగా లేదన్నమాట.

చిట్టీ చదువుట

చిట్టీ మీద ఉండవలసినవి: తేదీ, పూట, సభ్యత్వ సంఖ్య, ఆవు పాలా గేదె పాలా, తూకం, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., లీటరు ధర, మొత్తం సొమ్ము. మేము కేంద్రాలకు వెళ్ళినపుడు చూచిన సంగతి, చాలామంది సభ్యులు చివరి అంకె ఒక్కటే చూచి చిట్టీని కొంగున ముడివేసుకొంటారు, లేదా అక్కడే పారవేస్తారు. కొన్నిచోట్ల అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నవి. చదువుకొన్న మనుమడు ఇంటి వద్ద ఉంటేనే చిట్టీ అర్థమయ్యేటట్లయితే అది రశీదు అనిపించుకొనదు.

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. చిట్టీ తెలుగులో అచ్చు కావలెను. తెర సభ్యుని వైపు తిరిగి ఉండవలెను. చదువురాని వారికి టెస్టరు వెన్న అంకెను పైకి చదివి వినిపించవలెను. చిట్టీలు ఒక మేకుకు గుచ్చి దాచుకొంటే పదిహేను రోజుల బిల్లుతో సరిచూచుకొనవచ్చును.

సొమ్ము ఎవరి ఖాతాలో?

2014 ఆగస్టులో జన్‌ధన్ ఖాతాలు మొదలైనవి. 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు తరువాత నగదు దొరకక ఇబ్బంది పడిన పాల సంఘాలు సభ్యుల ఖాతాలకే సొమ్ము పంపుట అలవాటు చేసుకొన్నవి. బట్వాడాలో చేతులు మారుట తగ్గినది. ఇది మంచిదే. అయితే ఖాతా ఎవరి పేర ఉన్నది? గడ్డి కోసేది, పేడ ఎత్తేది, పాలు పితికేది ఎక్కువగా ఇంటి ఆడవారు. సభ్యత్వం, ఖాతా మాత్రం అనేక ఇండ్లలో మగవారి పేర ఉన్నవి. పూర్వం కేంద్రం వద్ద నగదు అందుకొన్న ఆమె చేతికి, సొమ్ము ఖాతాకు మారిన తరువాత ఏమీ రాకపోవుట కద్దు.

దీనికి దారి మన ప్రాంతంలోనే ఉన్నది. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారి నాయకత్వాన సహకార గ్రామీణ బ్యాంకు వెలసిన ములుకనూరులో, మహిళా పొదుపు సంఘాల అనుభవంతో, 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం క్రింద మహిళా డెయిరీ ఏర్పడి 2002లో పని ప్రారంభించినది. ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్మే ఆ డెయిరీలో సభ్యులు మహిళలే. పాలు పితికే చెయ్యి, సభ్యత్వం, ఓటు ఒకరివే అయినపుడు సొమ్ము దారి కూడా సూటిగా ఉంటుంది. ఇది యంత్రం నేర్పినది కాదు, సహకారం నేర్పినది.

ఇతర దేశాల అనుభవం కూడా ఇదే చెపుతున్నది. ఆఫ్రికాలోని కెన్యాలో 2007లో ఎం-పెసా అనే పద్ధతి వచ్చినది. బ్యాంకు ఖాతా లేని బీదవారు కూడా మామూలు మీటల ఫోనుతో సొమ్ము పంపుకొనగలిగినారు. అది నిలబడుటకు కారణం ఫోను ఒక్కటే కాదు. ఫోనులోని సొమ్మును నగదుగా మార్చి ఇచ్చే ఏజెంటు ఊరి అంగడిలోనే ఉండుట. మనకు గ్రామాలలో బ్యాంకు మిత్రలు ఉన్నారు. వేలిముద్ర వేసి సొమ్ము తీసుకొనవచ్చును. కాని ముద్ర వేసిన ప్రతిసారి రశీదు అడగవలెను. ‘ముద్ర పడలేదు, మళ్ళీ వేయండి’ అన్నపుడు మొదటిది నిజంగా పడలేదా అని చూచుకొనవలెను. ఫోనుకు వచ్చిన రహస్య సంఖ్య ఎవరడిగినా చెప్పరాదు. మోసం జరిగితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

చెవి బిళ్ళ

2019లో గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధుల నివారణకు జాతీయ పథకం ప్రారంభమైన తరువాత పశువులకు బిళ్ళలు వేయుట విరివిగా జరిగినది. బిళ్ళ మీది 12 అంకెలు ఆ పశువు పేరు వంటివి. టీకా, చూడి కట్టించుట, ఈత మొదలైనవి ఆ నంబరు మీద నమోదవుతవి. బీమా సొమ్ము అడుగునపుడు అదే గుర్తు. బిళ్ళ ఊడిపోతే వెంటనే పశువైద్యశాలలో తెలుపవలెను. బర్రెను కొనునపుడు నంబరు అడిగి, అమ్మినవారి నుండి మన పేరుకు మార్పించుకొనవలెను.

పాలకవర్గాలకు విజ్ఞప్తి

1. గెర్బరు పరీక్షతో యంత్రాన్ని నియమంగా సరిచూపించి, ఆ తేదీని యంత్రం ప్రక్కన వ్రాసి అంటించండి. కాటాకు ప్రతి సంవత్సరం తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించండి.
2. సభ్యులెవరైనా కోరితే అక్కడికక్కడే రెండవసారి పరీక్ష చేయండి. అడిగినవారిని చిన్నబుచ్చవద్దు.
3. కరెంటు పోయినా పని ఆగకుండా బ్యాటరీ ఉంచండి. లెక్కను ఒక పుస్తకంలో కూడా వ్రాయండి.
4. ఫోను లేని సభ్యులకు కాగితపు చిట్టీ మానవద్దు. ఫోనులో సందేశం వచ్చుట అదనపు సౌకర్యం మాత్రమే.
5. పాలు పితికే మహిళలను సభ్యులుగా చేర్చి, వారి పేరనే ఖాతాలు తెరిపించండి.
6. మహాజన సభలో ఒక గంట కేటాయించి, అందరి ఎదుట ఒకే నమూనాను మూడుసార్లు పరీక్షించి చూపండి. మూడు అంకెలు దగ్గరగా వస్తే నమ్మకం పెరుగుతుంది. రాకపోతే మరమ్మతు అవసరమని అందరికీ తెలుస్తుంది.

సభ్యులకు మేము కోరేది ఒక్కటి. రేపు ఉదయం క్యాను బల్ల మీద పెట్టినపుడు తెర వైపు చూడండి. వెన్న ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత, నిన్నటికీ నేటికీ తేడా ఎందుకు వచ్చినది అని అడగండి. మేత మారినదా, ఈని ఎన్ని నెలలైనది, దూడ ఎంత త్రాగినది అన్న సంగతులు మీకు తెలిసినంతగా యంత్రానికి తెలియవు. మీ లెక్కకూ దాని లెక్కకూ పొంతన కుదరని రోజున మౌనంగా ఇంటికి పోకండి. ఆ ప్రశ్న మీ ఒక్కరి పాల కొరకు మాత్రమే కాదు, మీ వెనుక వరుసలో నిలబడిన వారి కొరకు కూడా.