మూడు నెలల ముందే ఖరారయ్యే టమాటా ధర

2023 వేసవి ఆరంభంలో కోత కూలి కూడా గిట్టక చాలామంది రైతులు టమాటా పంటను చేలోనే వదిలేశారు. అదే ఏడాది జూలై చివరికి మదనపల్లె టోకు మార్కెట్లో మేలురకం కాయ కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. కేంద్ర ప్రభుత్వం నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ సంస్థల చేత ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల్లో సరుకు కొనిపించి ఢిల్లీ వంటి నగరాల్లో రాయితీ ధరకు అమ్మించింది. నేపాల్ నుంచి కూడా టమాటా దిగుమతి చేసుకోవలసి వచ్చింది. సెప్టెంబరు నాటికి ధర మళ్లీ పడిపోయి, కొన్నిచోట్ల రైతులు పంటను రోడ్ల పక్కన పారబోశారు.

ఏటా రెండు కోట్ల టన్నులకు పైగా టమాటా పండిస్తూ, ప్రపంచంలో చైనా తర్వాతి స్థానంలో ఉన్న దేశంలో ఇలా ఎందుకు జరుగుతుంది? వానలు, తెగుళ్లు, దళారుల లాభాపేక్ష అన్నీ కారణాలే. వీటన్నిటికీ అడుగున టమాటా మొక్క తీరు, కాయ తీరు ఉన్నాయి. ధరల ఊగిసలాట అర్థం కావాలంటే ముందు వాటిని చూడాలి.

నారు పోసిన రోజు నుంచే లెక్క

టమాటా విత్తనం వేశాక నారు నాటుకు రావడానికి 25 నుంచి 30 రోజులు పడుతుంది. నాటిన తర్వాత మొదటి కోతకు మరో 60 నుంచి 70 రోజులు కావాలి. అంటే ఈ రోజు మార్కెట్‌కు వచ్చిన కాయ సుమారు మూడు నెలల కిందట తీసుకున్న నిర్ణయానికి ఫలితం. ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు రైతు ముందున్నది ఆనాటి ధర మాత్రమే.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ధర పడిపోతే నాట్లు తగ్గుతాయి. ఆ లోటు జూన్, జూలైలలో బయటపడుతుంది. జూలై ధర చూసి అందరూ ఒకేసారి నాటితే ఆ పంటంతా సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక్కసారిగా మార్కెట్‌కు వస్తుంది. ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ 1934లో ఇలాంటి ఊగిసలాటకు సాలెగూడు సిద్ధాంతం అని పేరు పెట్టారు. ధర, సరఫరాల కదలికను గీసి చూస్తే ఆ గీతలు సాలెగూడులా చుట్లు తిరుగుతాయి. నాటడానికీ కోయడానికీ మధ్య ఎడం ఉండే పంటలన్నిటికీ ఈ ప్రమాదం ఉంది. నిల్వ ఉంచుకునే వీలు లేని టమాటాలో అది మరింత తీవ్రం.

ఉల్లితో పోల్చితే తేడా తెలుస్తుంది. ఉల్లిగడ్డ కోత తర్వాత నిద్రావస్థలోకి వెళ్తుంది. రబీ ఉల్లిని బాగా ఆరబెట్టి గాలి ఆడే కొట్టాల్లో నెలల తరబడి ఉంచవచ్చు. టమాటా కోసిన తర్వాత కూడా పండుతూనే ఉంటుంది. రైతు దాన్ని మంచి ధర వచ్చేదాకా ఆపలేడు.

వేడి రాత్రులు, రాలే పూత

సాధారణంగా జూలై, ఆగస్టు నెలల్లోనూ, అక్టోబరు, నవంబరు నెలల్లోనూ దేశంలో టమాటా దిగుబడి తక్కువగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సరుకు పుష్కలంగా వస్తుంది. దీనికి మూలం పువ్వులో ఉంది. కాయ బాగా కట్టాలంటే రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండడం మేలు. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రులు కూడా వేడిగా ఉంటే పుప్పొడి శక్తి తగ్గిపోతుంది, పూత రాలిపోతుంది. మైదానాల్లో మే నెలలో మొక్క పచ్చగానే కనిపించినా కాయ కట్టదు.

అందుకే వేసవి, తొలకరి నెలల్లో దేశం కొన్ని చల్లని ప్రాంతాల మీదే ఆధారపడుతుంది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె, దానికి దగ్గర్లోని కర్ణాటక జిల్లా కోలారు, ఉత్తరాన హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్ అలాంటివి. చలికాలంలో చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి వచ్చే కాయతో సరిపెట్టుకునే హైదరాబాద్ కూడా ఆ నెలల్లో మదనపల్లె, కోలారు లారీల కోసం ఎదురుచూస్తుంది.

కొద్ది ప్రాంతాల మీద ఆధారపడితే ఒక్కచోట దెబ్బ తగిలినా దేశమంతా తెలుస్తుంది. 2023లో జరిగింది అదే. తెల్లదోమ వల్ల వ్యాపించే తెగులు కోలారు పంటను దెబ్బతీసింది. ఉత్తరాదిన ముందే వచ్చిన భారీ వానలు హిమాచల్‌లో పంటనూ రోడ్లనూ కూడా పాడుచేశాయి.

దోరకాయకు దూరం తెలుసు

మార్కెట్లో టమాటా నాణ్యత అంటే పరిమాణం, రంగు, గట్టిదనం, మచ్చలు, పగుళ్లు. వీటిలో రంగుకు ప్రత్యేక స్థానం ఉంది. టమాటా కూడా అరటి, మామిడిలా కోసిన తర్వాత పండే కాయ. ఎదుగుదల పూర్తయిన పచ్చికాయలో ఎథిలీన్ అనే వాయువు పుట్టడం మొదలవుతుంది. అది పండే ప్రక్రియను ముందుకు నడుపుతుంది. కాయ శ్వాసక్రియ పెరుగుతుంది, పత్రహరితం విరిగిపోతుంది, ఎర్రని లైకోపిన్ ఏర్పడుతుంది, గోడలు మెత్తబడతాయి.

కాయ అడుగున లేత ఎరుపు తొంగిచూసే దశనే దోర అంటాం. దూర ప్రాంతాల వ్యాపారులు కోరేది ఈ దోరకాయనే. మదనపల్లె నుంచి ఢిల్లీకి రోడ్డు మార్గాన రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దోరలో ఎక్కించిన కాయ దారిలో రంగు తిరిగి, దిగేనాటికి అమ్మకానికి సిద్ధమవుతుంది. పూర్తిగా పండిన కాయ ఊళ్లోని సంతకే పనికొస్తుంది. పలుచని తోలు, పులుపు, రసం ఉన్న నాటు టమాటా టోకు మార్కెట్ నుంచి దాదాపు తప్పుకోవడానికి, మందపు తోలున్న హైబ్రిడ్లు నిలవడానికి కూడా ఈ దూరమే కారణం.

ఎండలో నిలిచిన లారీలో ఈ లెక్క తప్పుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు కాయ శ్వాసక్రియ సుమారు రెండు నుంచి మూడు రెట్లవుతుంది. 30 డిగ్రీలు దాటితే లైకోపిన్ సరిగా ఏర్పడక, కాయ ఎర్రబడకుండా పసుపు, నారింజ రంగుల్లో ఆగిపోతుంది. ఎండాకాలంలో దుకాణాల్లో కనిపించే పాలిపోయిన టమాటాలకు కారణం ఇదే.

చల్లదనానికీ హద్దుంది

అయితే శీతల గిడ్డంగులు కడితే సరిపోదా? కొంతవరకే. దోరకాయను 12 నుంచి 15 డిగ్రీల దగ్గర ఉంచితే పండడం నెమ్మదిస్తుంది. 10 డిగ్రీల కంటే దిగువన ఎక్కువ రోజులుంచితే కాయ దెబ్బతింటుంది. బయటికి తీశాక రంగు సమంగా రాదు, గుంటలు పడతాయి, త్వరగా కుళ్లుతుంది. టమాటాను 5 డిగ్రీల దగ్గర వారం పాటు ఉంచితే సువాసననిచ్చే పదార్థాలు తగ్గుతాయని, తిరిగి మామూలు వేడికి తెచ్చినా అవి పూర్తిగా కోలుకోవని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపారు. ఇంట్లో దోరకాయలను ఫ్రిజ్‌లో పెట్టకపోవడమే మంచిదనడానికి ఆధారం ఇదే.

కాబట్టి గిడ్డంగి టమాటాకు కొన్ని వారాల గడువు మాత్రమే ఇస్తుంది. చెడిపోయేదాన్ని తగ్గించడానికి ఆ గడువు విలువైనదే. కోత నుంచి అమ్మకం దాకా టమాటాలో 12.44 శాతం నష్టమవుతోందని లూథియానాలోని సిఫెట్ సంస్థ 2015లో లెక్కగట్టింది. కానీ మూడు నెలల ఎడం వల్ల వచ్చే కొరతను ఏ గిడ్డంగీ పూడ్చలేదు.

మిగిలిపోయిన పంటను గుజ్జుగా మార్చడం మరో మార్గం. టమాటాలో 90 శాతానికి పైగా నీరే. ఒక కిలో చిక్కని గుజ్జుకు సుమారు ఆరేడు కిలోల కాయ కావాలి. కర్మాగారానికి ఘనపదార్థం ఎక్కువున్న ప్రత్యేక రకాలు, ఏడాదిలో ఎక్కువ నెలలు సరఫరా అవసరం. దూరప్రయాణం కోసం ఎంచిన రకాలు, ధర పడిన పది రోజులే వచ్చే సరుకు దానికి సరిపడవు.

పట్టికలో కనిపించని తేడా

రోజువారీ మార్కెట్ పట్టికల్లో కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు మోడల్ ధర ఉంటుంది. ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో అదే మోడల్ ధర. పత్రికల్లో, ఫోన్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

ఇందులో ఒక చిక్కు ఉంది. పొడిగా ఉన్న చేలో హఠాత్తుగా వాన పడితే కాయ నీటిని ఒక్కసారిగా పీల్చుకుని పగులుతుంది. మర్నాడు మార్కెట్‌కు పగిలిన కాయలే ఎక్కువగా వస్తాయి. మేలురకం దొరక్క దాని ధర పెరుగుతుంది, మోడల్ ధర మాత్రం పడిపోతుంది. పట్టిక చూసిన రైతుకు గిరాకీ తగ్గినట్లు కనిపిస్తుంది. ధరతో పాటు సరుకు ఏ గ్రేడుదో చెప్పకపోతే ఆ అంకె తప్పుదోవ పట్టిస్తుంది. 2016 ఏప్రిల్‌లో మొదలైన ఈ-నామ్ వేదికలో వేలానికి ముందే నాణ్యత పరీక్ష ఉండాలని పెట్టింది ఇందుకే. తెల్లవారుజామునే లారీలు బారులు తీరే టమాటా మార్కెట్లో ప్రతి కుప్పనూ పరీక్షించడానికి వ్యవధి దొరకడమే కష్టం.

వినియోగదారుడు టమాటాకు ఇచ్చే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలేనని రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన పరిశోధనా పత్రం అంచనా వేసింది. కమిషన్, హమాలీ, రవాణా, వ్యాపారుల లాభంతో పాటు దారిలో చెడిపోయే కాయ ఖరీదు కూడా మిగతా భాగంలో ఉంటుంది.

ముందే తెలిస్తే మేలు

తెగుళ్ల విషయంలో పరిశోధన కొంత దారి చూపింది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ హైబ్రిడ్ ఆకుముడత, బ్యాక్టీరియా ఎండు తెగులు, ముందస్తు ఆకుమాడు తెగుళ్లను తట్టుకుంటుంది. 2023 జూన్ 30న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కొత్త ఆలోచనల కోసం టమాటా గ్రాండ్ ఛాలెంజ్ ప్రారంభించింది.

ఇవి కాయకు, ప్రయాణానికి సంబంధించిన పరిష్కారాలు. ఎంత నాటాలన్న ప్రశ్నకు వేరే సమాచారం కావాలి. ఇప్పుడు చాలామంది రైతులు నారు సొంతంగా పోసుకోకుండా నర్సరీల్లో ట్రేల లెక్కన కొంటున్నారు. మదనపల్లె, కోలారు, నాసిక్ ప్రాంతాల నర్సరీలలో ఏ వారం ఎంత నారు అమ్ముడైందో సేకరించి ప్రకటిస్తే, రెండు నెలల తర్వాత మార్కెట్‌కు రాబోయే సరుకు ఎంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. నాటడానికి ముందు రైతుకు పనికొచ్చే లెక్క అది. ఈ రోజు పలికిన ధర అతని పంట చేతికొచ్చేసరికి ఉండదు.