163 బొమ్మలు, 73 నిమిషాలు: పల్నాడు నుంచి ఒక ఆర్ట్ గ్యాలరీ ప్రయాణం

పిల్లలకు సెలవులిచ్చారు. ఈసారి మంచి చిత్రాలున్న చోటికి తీసుకెళ్దామని నరసరావుపేటలోనో, గురజాలలోనో, మాచర్లలోనో ఒక ఇంట్లో అనుకున్నారనుకోండి. వెంటనే వచ్చే సందేహాలు నాలుగు. ఎక్కడికి వెళ్లాలి? ఎంతవుతుంది? ఎంతసేపు చూడాలి? అసలు మనకు అర్థమవుతుందా? ఒక్కొక్కటీ లెక్క వేసుకుని చూద్దాం.

ముందు ‘ఆధునిక చిత్రకళ’ అన్న మాట సంగతి. ఆ పేరు వినగానే అర్థంకాని గీతలే ఉంటాయని బెరుకు పడనక్కర్లేదు. ఢిల్లీలో 1954లో మొదలైన నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 1850ల నాటి బొమ్మలు కూడా ఉన్నాయి. అంటే మన ముత్తాతల కాలం నుంచి నేటిదాకా గీసినవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మనుషులు, చెట్లు, నదులు, పురాణ కథలు, అన్నీ ఉంటాయి.

ఎక్కడికి వెళ్లాలి? మన వైపు నుంచి వెళ్లడానికి మూడు చోట్లున్నాయి. మొదటిది రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. రెండోది హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం. రవివర్మ వంటి వారి చిత్రాలకు అక్కడ ప్రత్యేకంగా చోటుంది. మూడోది ఢిల్లీ గ్యాలరీకి శాఖగా 2009లో బెంగళూరు మాణిక్యవేలు మాన్షన్‌లో తెరిచినది. నరసరావుపేట నుంచి రాజమహేంద్రవరానికైనా, హైదరాబాదుకైనా రోడ్డు దారి దాదాపు 240 కిలోమీటర్లే. మాచర్ల వాళ్లకు మాత్రం సాగర్ మీదుగా హైదరాబాదు 175 కిలోమీటర్లలోపే, రాజమహేంద్రవరం 300 దాటుతుంది. గురజాల వాళ్లు నడికుడి వెళ్తే సికింద్రాబాదు రైలు దొరుకుతుంది. బెంగళూరుకు ఒక రాత్రి ప్రయాణం తప్పదు.

ఎంతవుతుంది? ఇలాంటి చోట్ల మనవాళ్లకు టికెట్ పదుల రూపాయల్లోనే ఉంటుంది. అసలు ఖర్చంతా దారిదే. నరసరావుపేట నుంచి 240 కిలోమీటర్లు వెళ్లి రావడమంటే 480. కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తే 30 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయలనుకుంటే 3,300. నలుగురు పంచుకుంటే తలకు 825, టోలు, భోజనం అదనం. రైల్లో వెళ్తే ఇంతకన్నా బాగా తగ్గుతుంది. ఇంత దూరం వెళ్లి ఎంత చూసి రాగలం అన్నదే ఇప్పుడు ముఖ్యమైన లెక్క.

2001లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించారు. ఒక్కో గొప్ప చిత్రం ముందు జనం నిలబడింది సగటున 27 సెకన్లు. సగం మంది 17 సెకన్లు కూడా ఆగలేదు. కుళాయి కింద బిందె నిండేంత సేపు కూడా కాదన్నమాట. తొందర మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు.

ఇక పెద్ద మ్యూజియం సంగతి. సాలార్‌జంగ్ సేకరణలో 40 వేలకు పైగా వస్తువులున్నాయి. అన్నీ ప్రదర్శనలో ఉండవనుకోండి. ఉన్నాయనుకుని ఒక్కోదానికి పది సెకన్లే ఇచ్చినా 111 గంటలు కావాలి. రోజుకు ఏడు గంటల చొప్పున 16 రోజులు. కాబట్టి అక్కడికి వెళ్తే అంతా చుట్టేద్దామనుకోకండి. చిత్రాల గది ఎక్కడో అడిగి, ముందు అక్కడికే వెళ్లండి. కాళ్లలో ఓపిక ఉండగానే బొమ్మలు చూడాలి.

అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను రాజమహేంద్రవరమే చెబుతాను. అక్కడి గ్యాలరీకి పేరిచ్చిన చిత్రకారుడు దామెర్ల రామారావు 1897లో పుట్టి, 1925లో మశూచితో చనిపోయారు. నిండా 28 ఏళ్లు కూడా బతకలేదు. కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని విద్యను గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించారు. రామారావు వదిలి వెళ్లినవి 34 తైలవర్ణ చిత్రాలు, 129 నీటిరంగుల చిత్రాలు, 28 స్కెచ్ పుస్తకాలు. తైలవర్ణమంటే రంగుపొడిని అవిసె నూనె లాంటి నూనెలో కలిపి వేసేది. చిత్రాలు రెండు రకాలూ కలిపి 163. బొంబాయి చదువు మొదలు చివరిదాకా ఆయనకు దక్కింది పదేళ్ల లోపు. అంటే సగటున మూడు వారాలకు ఒక బొమ్మ, అదీ చివరి ఏళ్లలో సొంతంగా ఒక చిత్రకళా పాఠశాల నడుపుతూ.

ఇప్పుడు ఆ 27 సెకన్లను 163తో గుణించండి. 73 నిమిషాలు. ఒక మనిషి జీవితకాలపు పని మొత్తం సినిమా ఇంటర్వెల్ దాకా పట్టేంత సమయంలో ఒకసారి చూసేయవచ్చు. పెద్ద మ్యూజియం ఏదీ ఇవ్వలేని వీలు ఇది. గోడల మీద ఆ రోజు ఉన్నవి కొన్ని తక్కువైతే మీకు సమయం ఇంకా మిగులుతుంది. ఆ తర్వాత ఇంట్లో ఒక్కొక్కరూ తలా ఒక బొమ్మ ఎంచుకుని, అందరూ కలిసి ఒక్కోదాని ముందు పది నిమిషాలు ఉండండి. నలుగురికీ నలభై నిమిషాలు. మొత్తం రెండు గంటల్లోపే అవుతుంది.

లోపలికి వెళ్లగానే మసకగా ఉందనిపించవచ్చు. నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. అందుకే వాటి మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడకూడదని మ్యూజియంలు నియమం పెట్టుకుంటాయి. లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద పడే వెలుతురుకు కొలత. మన పల్నాడు మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్, అంటే దానికి రెండు వేల రెట్లు. ఎండలోంచి వచ్చిన కంటికి అయిదు నిమిషాలైనా అలవాటు పడే వ్యవధి ఇవ్వండి. ఫ్లాష్ వేసి ఫోటోలు తీయకపోవడం కూడా ఇందుకే.

వారపు సెలవు మరవకండి. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, బెంగళూరు గ్యాలరీకి సోమవారం. ఎక్కడికైనా ముందు రోజు ఫోను చేసి, తెరిచే వేళ కనుక్కుని బయల్దేరండి. 480 కిలోమీటర్లు తిరిగి తాళం చూసి రావడం ఎవరికీ ఇష్టముండదు.

చివరిది, మనకు అర్థమవుతుందా? కల్లంలో ఆరబోసిన మిర్చిని చూసి ఏది మచ్చకాయో, ఏది మేలైన ఎరుపో దూరం నుంచే చెప్పగల కళ్లు మనవి. చూడటం మనకు కొత్త కాదు, బొమ్మను చూడటమే కొత్త. ముందు రంగు చూడండి. తర్వాత వెలుగు ఏ వైపు నుంచి పడుతోందో, అందులోని మనుషులు ఎవరిని చూస్తున్నారో చూడండి. పేరు రాసిన చీటీ ఆఖర్న చదవండి.

నమ్మకం చాలకపోతే ముందు ఇక్కడే సాధన చేయండి. శుక్రవారం కాని రోజున, లాంచీలు తిరుగుతున్నాయో లేదో కనుక్కుని నాగార్జునకొండ వెళ్లండి. సాగర్ నీళ్లలో మునిగిపోకుండా కాపాడిన ఇక్ష్వాకుల నాటి శిల్పాలు 1966లో తెరిచిన ఆ మ్యూజియంలో ఉన్నాయి. పల్నాడు సున్నపురాయిలో చెక్కిన బొమ్మ ఒకటి ఎంచుకుని, గడియారం పెట్టుకుని, పది నిమిషాలు నిలబడండి. మూడో నిమిషంలో విసుగొస్తుంది. ఆరో నిమిషంలో అంతదాకా చూడని చెయ్యో, చిన్న నవ్వో కంటబడుతుంది. అది కనబడ్డ రోజు రాజమహేంద్రవరానికి టికెట్లు తీసుకోండి.